ఫోన్‌లో సీపీఆర్ చేయించడం: కాల్ ఎత్తిన క్షణం నుంచి అంబులెన్స్ చేరే దాకా

గుండె ఆగి కుప్పకూలిన మనిషికి ఆ క్షణంలో పక్కనున్నవాళ్ల చేతులే దిక్కు. ఆ చేతులకు ఏం చేయాలో తెలియదు. తెలిసిన మనిషి ఎక్కడో కంట్రోల్ రూమ్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుని ఉంటారు. ఆ మనిషికి రోగి కనపడరు, తాకడానికి వీల్లేదు, ఉన్నదల్లా గొంతు ఒక్కటే. గుండె ఆగిన మనిషి ఛాతీని పదే పదే నొక్కి, అవసరమైతే ఊపిరి ఊది, రక్తం ఆడేలా చూడటమే సీపీఆర్. ఆ గొంతుతో అవతలి చేతుల చేత ఆ పని చేయించడమే ఫోన్ సీపీఆర్. ఇది ముఖ్యంగా ఎమర్జెన్సీ కాల్స్ తీసుకునే డిస్పాచర్ల కోసం, ఆ సీట్లోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. అయితే ఏదో ఒక రోజు ఆ నంబరుకు ఫోన్ చేయాల్సి వచ్చే ఎవరికైనా పనికొస్తుంది. అవతలివాళ్లు ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో ముందే తెలిసి ఉంటే కాల్‌లో చాలా సెకన్లు మిగులుతాయి.

ఆ సెకన్లకు విలువ ఎంతో ముందు చూద్దాం. గుండె ఆగాక సీపీఆర్ గానీ, గుండెను మళ్లీ నడిపించే కరెంటు షాక్ గానీ అందకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా పడిపోతూ ఉంటుంది. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్ వెంటనే బయల్దేరినా, రోడ్డు దాటి, మెట్లెక్కి, తలుపు తట్టి లోపలికి వచ్చేసరికి చాలాసార్లు అంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ డిస్పాచర్ల ముందు రెండు లక్ష్యాలు పెట్టింది. అడ్రస్ తెలిసిన 60 సెకన్లలోపు గుండె ఆగిందని గుర్తించాలి. 90 సెకన్లలోపు అవతలి మనిషి చేత మొదటిసారి ఛాతీ నొక్కించాలి. కింద చెప్పే ప్రతి మాటా ఈ రెండు అంకెలను అందుకోవడం కోసమే.

ఛాతీని బయటి నుంచి నొక్కి రక్తాన్ని ఆడించవచ్చని 1960లో అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్య కేంద్రం నుంచి కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు లోకానికి చెప్పారు. దీన్ని ఎవరైనా, ఎక్కడైనా మొదలుపెట్టవచ్చు, కావలసింది రెండు చేతులు మాత్రమే అన్నారు వాళ్లు. ఫోన్ తీగకు అవతలున్న రెండు చేతులైనా సరిపోతాయని 1980ల్లో సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీలో డిస్పాచర్లు చేసి చూపించారు. ఆ పద్ధతికే మెరుగులు దిద్దుకుంటూ ఇవాళ్టి దాకా వచ్చాం.

మొదటి అడుగు: ఎక్కడ, ఏ నంబరు

ముందు అడ్రస్. ఎంత ఏడుస్తున్నా, ఎంత అరుస్తున్నా ముందు అదే. కాల్ మధ్యలో కట్ అయినా బండి పంపగలిగేది ఆ ఒక్క సమాచారంతోనే. వెంటనే ఫోన్ నంబరు సరిచూసుకోండి. ఆ తర్వాత "ఏం జరిగింది?" అని ఒక్క ప్రశ్న.

ఈ దశలో ఫోన్ చేసినవాళ్లకు ఒక భయం ఉంటుంది. మనం మాట్లాడుతున్నంతసేపూ అంబులెన్స్ కదలదని అనుకుంటారు. "ముందు బండి పంపండి, తర్వాత అడుగుదురు గానీ" అని కోప్పడేది అందుకే. అడ్రస్ అందగానే "బండి బయల్దేరుతోంది, నేను లైన్‌లోనే ఉంటాను, మాట్లాడినందువల్ల బండి ఆగదు" అని చెప్పేయండి. ఈ మాటకు మూడు సెకన్లు పడుతుంది. చెప్పకపోతే తర్వాత ప్రతి ప్రశ్న దగ్గరా గొడవే.

వయసు, పాత జబ్బులు, వాడుతున్న మందులు, షుగరుందా, బీపీ ఉందా వంటివన్నీ ఇప్పుడు అడగకండి. అవి అవసరమే, కానీ ఛాతీ నొక్కడం మొదలయ్యాక అడగొచ్చు.

రెండో అడుగు: రెండే ప్రశ్నలు

"పిలిస్తే పలుకుతున్నారా?"

"మామూలుగా ఊపిరి తీసుకుంటున్నారా?"

రెండింటికీ లేదు అని వస్తే గుండె ఆగినట్టే లెక్క. సీపీఆర్ మొదలుపెట్టించాలి. రెండో ప్రశ్నలో "మామూలుగా" అనే మాట ఎట్టి పరిస్థితుల్లోనూ మింగేయకూడదు. ఉత్తినే "ఊపిరి ఉందా?" అని అడిగితే చాలామంది "ఉందండీ" అంటారు, ఆ జవాబుతో మనం తప్పుదారి పడతాం.

ఎందుకంటే గుండె ఆగిన మొదటి నిమిషాల్లో మెదడు అడుగుభాగం ఇంకా పూర్తిగా చల్లారదు. దానివల్ల అప్పుడప్పుడూ నోరు తెరుచుకుని గాలి పీల్చినట్టు అవుతుంది. గుండె ఆగినవాళ్లలో పదిమందికి నలుగురి దాకా ఇలా ఉంటుంది. చూసేవాళ్లకు అది ఊపిరిలాగే కనిపిస్తుంది, కానీ దానివల్ల ఒంటికి అందేది ఏమీ లేదు. దీన్ని పట్టుకోవడమే ఈ పని మొత్తంలో అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా ముఖ్యం కూడా.

తెలుగులో ఫోన్ చేసేవాళ్లు దీన్ని ఎన్ని రకాలుగా చెబుతారో గుర్తుపెట్టుకోండి. "గురక పెడుతున్నారు" అంటారు. "ఎగశ్వాస తీస్తున్నారు" అంటారు. "కొన ఊపిరి ఉంది", "గుటకలు మింగుతున్నట్టు ఉంది", "నోరు తెరిచి తెరిచి మూస్తున్నారు", "మూలుగుతున్నారు", "ఆగి ఆగి పీలుస్తున్నారు", ఇవన్నీ ఒకే సంగతికి వేరు వేరు మాటలు. ముఖ్యంగా "ఊపిరి ఉంది, కానీ..." అన్నప్పుడు ఆ "కానీ" దగ్గర చెవులు రిక్కించండి. మామూలుగా ఊపిరాడుతున్న మనిషి గురించి ఎవరూ కానీ అనరు.

అనుమానం తీరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. "వాళ్ల పొట్టా ఛాతీ చూస్తూ ఉండండి. ఊపిరి తీసిన ప్రతిసారీ నాకు 'ఇప్పుడు' అని చెప్పండి" అనండి. గడియారం చూసుకుంటూ పది సెకన్లు వినండి. ఒక్క "ఇప్పుడు" మాత్రమే వచ్చినా, అసలే రాకపోయినా, వాటి మధ్య ఎడం పెరుగుతూ పోతున్నా అది మామూలు ఊపిరి కాదు. పది సెకన్లు దాటి ఈ పరీక్ష సాగదీయకండి.

నాడి చూడమని అడగకండి. శిక్షణ లేనివాళ్లు కంగారులో రోగి నాడి ఏదో, తమ వేలిలో కొట్టుకునేది ఏదో పోల్చుకోలేరు. ఇంకో మాట: గుండె ఆగిన వెంటనే కొందరిలో కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకుంటాయి. ఫోన్ చేసినవాళ్లు "ఫిట్స్ వచ్చాయి" అంటారు. ఫిట్స్ ఆగాక మనిషి పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే ఫిట్స్ సంగతి పక్కన పెట్టి సీపీఆర్‌కు రండి.

"హార్ట్ ఎటాక్ వచ్చింది" అన్న మాటను కూడా ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. వాడుకలో గుండెపోటుకూ గుండె ఆగిపోవడానికీ తేడా ఉండదు. గుండెపోటు వచ్చిన మనిషి ఛాతీ పట్టుకుని మాట్లాడుతూ ఉండొచ్చు. అలాంటివాళ్లకు సీపీఆర్ అవసరం లేదు, అంబులెన్స్ అవసరం. తేడా తేల్చేది పై రెండు ప్రశ్నలే.

మూడో అడుగు: "చేస్తారా?" అనకండి, "చేద్దాం" అనండి

పశ్చిమ ఆస్ట్రేలియాలో నిజమైన ఎమర్జెన్సీ కాల్స్ రికార్డింగులు విని చేసిన ఒక భాషాపరమైన అధ్యయనం 2018లో అచ్చయింది. సీపీఆర్ మాట డిస్పాచర్ ఎలా ఎత్తుకున్నారు, అవతలివాళ్లు ఒప్పుకున్నారా లేదా అని చూశారు. "మీరు చేయాలనుకుంటున్నారా?" అన్న తీరులో అడిగితే ఒప్పుకున్నది 43 శాతం. "మీరు చేయాలి" అంటే 84 శాతం. "మనం ఇప్పుడు చేయబోతున్నాం" అంటే 97 శాతం. చెప్పే పని ఒకటే, క్రియాపదం మారిందంతే.

ఈ విషయంలో మన భాష మనకు బాగా కలిసొస్తుంది. మేము వేరు, మనం వేరు. "మనం" అన్నామంటే వినే మనిషి కూడా అందులో ఉన్నట్టే. "మనిద్దరం కలిసి చేద్దాం, ఎలాగో నేను చెప్తాను" అంటే ఒంటరిగా వణుకుతున్న మనిషికి పక్కన ఒకరు కూర్చున్నట్టు ఉంటుంది. "మీకు సీపీఆర్ వచ్చా?" అని మాత్రం అడగొద్దు. వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ "రాదండీ" అనే. ఆ తర్వాత రానివాళ్లను ఒప్పించే పని నెత్తిన పడుతుంది.

భయం సంగతి. "నేను తప్పుగా చేసి చంపేస్తానేమో" అన్న మాట ఫోన్‌లో చాలాసార్లు వినిపిస్తుంది. డిస్పాచర్ మనసులోనూ ఇదే ఉంటుంది: గుండె ఆగకుండానే పొరపాటున నొక్కిస్తే? కింగ్ కౌంటీలో దీన్ని పరిశీలించి 2010లో ప్రచురించారు. గుండె ఆగని మనుషులకు ఫోన్ సూచనల మీద పొరపాటున ఛాతీ నొక్కినప్పుడు వందకు 12 మందికి నొప్పి కలిగింది, ఇద్దరికి ఎముక విరిగింది, లోపలి అవయవాలు దెబ్బతిన్నవాళ్లు ఒక్కరూ లేరు. అటు చూస్తే, గుండె ఆగిన మనిషికి నొక్కకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. అందుకే అనుమానం ఉంటే నొక్కించండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఒక కాల్ దగ్గరగా

మొదటి నిమిషంన్నర ఇలా నడిస్తే బాగుంటుంది అనిపించే ఒక ఊహాజనితమైన కాల్ కింద రాస్తున్నాను. డిస్పాచర్ ఏ మాట దగ్గర ఆగారో, ఏ మాట దగ్గర ఆగలేదో గమనించండి.

"హలో, మా ఆయన పడిపోయారండీ, తొందరగా రండి!"

"అడ్రస్ చెప్పండమ్మా."

అడ్రస్ చెప్పింది. నంబరు సరిచూశారు. పద్దెనిమిదో సెకను.

"బండి బయల్దేరుతోందమ్మా, నేను లైన్‌లోనే ఉంటాను. ఆయన పిలిస్తే పలుకుతున్నారా?"

"లేదండీ, కదలట్లేదు. ఏమండీ, ఏమండీ... అయ్యో, పలకట్లేదండీ!"

"మామూలుగా ఊపిరి తీసుకుంటున్నారా?"

"ఊపిరి ఉందండీ. కానీ గురకలాగా వస్తోంది, ఆగి ఆగి."

ముప్పై ఐదో సెకను. ఇక పరీక్షలు అక్కర్లేదు, ఆ "కానీ" చాలు.

"సరేనమ్మా. ఆయనకు ఇప్పుడు సీపీఆర్ అవసరం. బండి వచ్చేలోపు మనిద్దరం కలిసి చేద్దాం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన తల పక్కన పెట్టండి."

"నాకు రాదండీ! భయమేస్తోంది!"

"నేను చెప్తానమ్మా. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆయన తల పక్కన పెట్టండి."

"పెట్టాను."

"మంచం మీదున్నారా, నేల మీదున్నారా?"

"మంచం మీద."

"నేల మీదికి దించుదాం. చంకల కింద చేతులు వేసి పట్టుకుని కిందికి లాగండి. వెల్లకిలా పడుకోబెట్టండి."

డెబ్భై సెకన్లు దాటుతున్నాయి. అవతల మంచం కిర్రుమన్న చప్పుడు, ఒక దెబ్బ, ఆమె ఏడుపు.

"తల తగిలిందండీ!"

"ఫరవాలేదమ్మా. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చోండి. ఒక అరచేయి ఛాతీ మధ్యలో పెట్టండి. దాని మీద రెండో చేయి. మోచేతులు వంచకుండా మీ బరువంతా వేసి గట్టిగా కిందికి నొక్కండి. నాతో పాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

"రాదండీ" అన్నప్పుడు డిస్పాచర్ వాదించలేదు, ఓదార్చడానికి ఆగలేదు. అదే వాక్యం అదే గొంతుతో మళ్లీ చెప్పారు. కంగారులో ఉన్న మనిషి చెవిలోకి మొదటిసారి చెప్పింది వెళ్లదు. మాటలు మార్చి చెబితే ప్రతిసారీ కొత్త విషయంలా వినిపిస్తుంది. ఒకే మాట రెండోసారి, అవసరమైతే మూడోసారి, గొంతు పెంచకుండా చెబితే లోపలికి దిగుతుంది. "టెన్షన్ పడకండి" అన్నందువల్ల ఎవరి టెన్షనూ తగ్గదు. చేతికి పని ఇస్తే తగ్గుతుంది.

నాలుగో అడుగు: పడుకోబెట్టడం

గట్టి నేల మీద వెల్లకిలా. మెత్తటి పరుపు మీద నొక్కితే కిందికి పోయేది పరుపే, ఛాతీ కదలదు. దుప్పటితో సహా లాగమనడం ఒక ఉపాయం, ఒంటరిగా ఉన్నవాళ్లకు అది తేలిక. రోగి బరువు ఎక్కువగా ఉండో, లాగేవాళ్లు పెద్దవయసువాళ్లై ఉండో ఎంతకీ దించలేకపోతే అక్కడే ఇరుక్కుపోవద్దు. తలగడ తీసేయించి మంచం మీదే మొదలుపెట్టించండి. అసలే నొక్కకపోవడం కన్నా అది మేలు.

బట్టలు విప్పించడం, బొత్తాలు తీయించడం వద్దు. చొక్కా మీద నుంచే నొక్కొచ్చు. గుండెకు షాక్ ఇచ్చే మిషన్, అంటే డీఫిబ్రిలేటర్ వస్తే అప్పుడు తీయిస్తారు.

ఒక చిన్న హెచ్చరిక: "స్పీకర్ నొక్కండి" అనకండి, "స్పీకర్ ఆన్ చేయండి" అనండి. నొక్కడం అనే మాట ఛాతీ కోసం అట్టిపెట్టుకోండి.

ఐదో అడుగు: చేతులు, బలం

"ఛాతీ మధ్యలో" అంటే చాలు, కొలతలు చెప్పక్కర్లేదు. ఆనించాల్సింది అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగాన్ని. అది అర్థం కాకపోతే వదిలేయండి, ఛాతీ మధ్యలో అరచేయి ఉంటే పని నడుస్తుంది.

పెద్దవాళ్లలో ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, 6 దాటకూడదు అన్నది ప్రమాణం. అది మన పుస్తకంలో ఉండాల్సిన అంకె. ఫోన్‌లో చెబితే అవతలి మనిషి సెంటీమీటర్లు ఊహించుకుంటూ చేయి తేలిగ్గా వేస్తారు. "ఎంత గట్టిగా నొక్కగలిగితే అంత గట్టిగా" అన్న మాటతో నొక్కుడు లోతు పెరుగుతుందని తేలింది. అందులోనూ తెలుగులో ఒక చిక్కుంది. నొక్కడం అంటే మనకు కాళ్లు నొక్కడం, తల నొక్కడం కూడా. ఉత్తినే "నొక్కండి" అంటే మర్దనా చేసినట్టు మెల్లగా ఒత్తేవాళ్లు ఉంటారు. కాబట్టి "బరువంతా వేసి", "కిందికి దిగేలా" అన్న మాటలు తప్పకుండా జోడించండి.

కిందికి ఎంత ముఖ్యమో పైకీ అంతే. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవాలి. లేచినప్పుడే గుండెలోకి మళ్లీ రక్తం వచ్చి నిండుతుంది. అలసిపోయినవాళ్లు ఛాతీ మీదే బరువు ఆనించి కూర్చుంటారు. "నొక్కండి, పూర్తిగా వదలండి" అని మధ్యమధ్యలో గుర్తు చేయండి.

పక్కటెముక విరిగిన చప్పుడు వస్తే ఫోన్ చేసినవాళ్లు ఠక్కున ఆగిపోతారు. "అలా అవుతుంది, చేయి అక్కడే ఉంచి కొనసాగించండి, ఎముక అతుక్కుంటుంది" అని వెంటనే చెప్పండి.

ఆరో అడుగు: లెక్క

వేగం నిమిషానికి 100 నుంచి 120. అంటే సెకనుకు రెండుకు కాస్త తక్కువ. డెస్క్ మీద 110కి పెట్టిన మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం వేసే పరికరం) ఉంటే సగం పని అదే చేస్తుంది. లేకపోతే మీ గొంతే మెట్రోనోమ్.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని మళ్లీ ఒకటికి వచ్చేయండి. ముప్పై దాకా పోవద్దు. తెలుగు అంకెలు పది దాటాక పొడుగవుతాయి. "పదకొండు", "పధ్నాలుగు", "ఇరవై ఎనిమిది" అనేసరికి తాళం తప్పుతుంది, అంకెతో పాటు చేతి వేగమూ తగ్గుతుంది. ఇది మీకు మీరే గడియారం పెట్టుకుని పైకి చదివి చూడండి, ఎక్కడ వెనకబడుతున్నారో తెలిసిపోతుంది.

అవతలి మనిషి చేత కూడా గట్టిగా లెక్కపెట్టించండి. మనకు కళ్లు లేవు కాబట్టి వాళ్ల లెక్కే మన కన్ను. వేగం తెలుస్తుంది, ఆయాసం తెలుస్తుంది, ఆగిపోతే తెలుస్తుంది. నెమ్మదిస్తే "ఇంకా వేగంగా, నాతో పాటు" అనండి. పరుగందుకుంటే మీరు నిదానంగా లెక్కపెడితే చాలు, వాళ్లూ దారికొస్తారు.

నోటితో ఊపిరి ఊదించడం పెద్దవాళ్లు హఠాత్తుగా కుప్పకూలిన సందర్భంలో వద్దు. సియాటెల్‌లో జరిపి 2000లో ప్రచురించిన పరిశీలనలో, కొందరికి ఫోన్‌లో ఛాతీ నొక్కడం మాత్రమే చెప్పారు, కొందరికి ఊపిరి ఊదడం కూడా చెప్పారు. నొక్కడం మాత్రమే చెప్పిన కాల్స్‌లో సూచనలన్నీ పూర్తయింది 81 శాతం, రెండూ చెప్పిన కాల్స్‌లో 62 శాతం. సూచనలు చెప్పడానికి పట్టిన సమయం కూడా నొక్కడం మాత్రమే అయితే 1.4 నిమిషాలు తక్కువ. హఠాత్తుగా గుండె ఆగిన మనిషి రక్తంలో మొదటి నిమిషాలకు సరిపడా ఆక్సిజన్ ఉంటుంది. కావలసింది దాన్ని తిప్పడం.

ఏడో అడుగు: ఆగకుండా చూడటం

మొదటి నొక్కు వేయించడం ఒక ఎత్తు, బండి వచ్చేదాకా ఆపకుండా చూడటం ఇంకో ఎత్తు. నొక్కుతూ ఉంటే గుండెకూ మెదడుకూ పోయే రక్తం ఒత్తిడి మెల్లమెల్లగా పెరుగుతుంది. చేయి తీయగానే అది చప్పున పడిపోతుంది, మళ్లీ మొదటి నుంచి పెంచుకోవాలి. అందుకే పది సెకన్ల విరామం కూడా పెద్ద నష్టమే.

ఒకరే నొక్కుతుంటే ఒకటి రెండు నిమిషాల్లోనే బలం తగ్గుతుంది, వాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఇంకొకరు ఉంటే రెండు నిమిషాలకు ఒకసారి మార్పించండి. మారేముందే రెండో మనిషిని అటుపక్క మోకాళ్ల మీద సిద్ధంగా కూర్చోబెట్టి, "ఇప్పుడు మారండి" అని మీరు చెప్పాలి. ఇంకా మనుషులు ఉంటే ఒకరు తలుపు తెరిచి, లైటు వేసి, బయట నిలబడాలి. దగ్గర్లో డీఫిబ్రిలేటర్ ఉంటే ఇంకొకరు తేవాలి. ఒంటరిగా ఉన్న మనిషిని మాత్రం దానికోసం పంపొద్దు. మిషన్ వచ్చాక ఆన్ చేస్తే అదే మాట్లాడుతుంది. ప్యాడ్లు ఒంటికి నేరుగా అంటించాలి, అంటిస్తున్నంతసేపూ రెండో మనిషి నొక్కుతూనే ఉండాలి, మిషన్ చెప్పినప్పుడే చేయి తీయాలి.

"ఊపిరి వచ్చినట్టుందండీ, ఆపేయనా?" అని అడుగుతారు. నొక్కుతుండగా ఎగశ్వాస మళ్లీ రావడం మామూలే, రక్తం మెదడు దాకా చేరుతోందనడానికి అదొక గుర్తు కూడా. కళ్లు తెరిచి చూసి, చేయి కదిపి, మామూలుగా ఊపిరి తీసుకుంటేనే ఆపాలి. లేకపోతే "బాగా చేస్తున్నారు, ఆపకండి, కొనసాగించండి".

మెచ్చుకోవడం తప్పకుండా చేయండి, కానీ వేరే కబుర్లలోకి వెళ్లకండి. "వేగం సరిగ్గా ఉంది", "ఇలాగే", "బండి మీ వీధిలోకి వచ్చింది" వంటివి బలాన్నిస్తాయి. చివరిది నిజమైతేనే చెప్పాలి. ఐదు నిమిషాలు పట్టేదాన్ని "వచ్చేస్తోంది" అంటే ఒక నిమిషం తర్వాత మన మాట మీద నమ్మకం పోతుంది.

వేరే దారి పట్టాల్సిన సందర్భాలు

పిల్లల్లో, నీట మునిగినవాళ్లలో కథ వేరు. అక్కడ ముందు ఊపిరాగి, ఆక్సిజన్ అయిపోయి, ఆ తర్వాత గుండె ఆగుతుంది. కాబట్టి ఊపిరి ఊదడం కూడా కావాలి: ముప్పై నొక్కులకు రెండు ఊపిర్లు. మొదట ఊపిరి ఊదించాలా, నొక్కులు మొదలెట్టించాలా అన్నది మీ కేంద్రం ప్రొటోకాల్ ప్రకారం చేయండి. ఏడాదిలోపు పసిబిడ్డ అయితే రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని రెండు బొటనవేళ్లతో నొక్కాలి, సుమారు 4 సెంటీమీటర్లు. బిడ్డ నోరూ ముక్కూ రెండింటినీ తమ నోటితో కప్పి, ఛాతీ లేచేంత చిన్న ఊపిరి ఊదాలి. కాస్త పెద్ద పిల్లలకు ఒక చేయి చాలొచ్చు, లోతు సుమారు 5 సెంటీమీటర్లు. బిడ్డ విషయంలో అమ్మానాన్నలు చేయి గట్టిగా వేయలేరు. "బిడ్డకు నొప్పి తెలియదమ్మా, ఛాతీ మూడో వంతు దిగాలి" అని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట అనడం మనకూ కష్టమే, అయినా అనాలి.

గర్భిణి అయితే సీపీఆర్ అలాగే చేయాలి. ఇంకో మనిషి ఉంటే కడుపును ఆమె ఎడమవైపుకు నెట్టి పట్టుకోవాలి. పెరిగిన గర్భం రక్తనాళాల మీద బరువు వేయకుండా అది కాపాడుతుంది.

కరెంటు షాక్ అయితే మెయిన్ ఆపేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ఒళ్లు చల్లబడి కర్రలా బిగుసుకుపోయిందని చెబితే, మీ కేంద్రం నియమం ప్రకారం సీపీఆర్ మాట ఎత్తకుండా ఫోన్ చేసిన మనిషికి తోడుగా లైన్‌లో ఉండటమే చేయగలిగేది.

చివరి అడుగు: చేతులు మారేదాకా

"అంబులెన్స్ వచ్చిందండీ" అని వినగానే ఫోన్ పెట్టేయకండి. సైరన్ వినిపించడానికీ సిబ్బంది ఛాతీ మీద చేయి వేయడానికీ మధ్య ఒక్కోసారి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ నొక్కడం ఆగిపోవడం చాలా సాధారణంగా జరిగే తప్పు. ఇంట్లో ఒక్కరే ఉంటే తలుపు తీయడానికి లేవాల్సింది ఇప్పుడే, బండి ఇంటి ముందు ఆగాక. తీసి వెంటనే మళ్లీ మోకాళ్ల మీదికి రమ్మనండి. "వాళ్లు వచ్చి మీ చేతుల స్థానంలో తమ చేతులు పెట్టేదాకా నొక్కుతూనే ఉండండి" అని చెప్పి, అవతల సిబ్బంది గొంతు విన్నాకే లైన్ వదలండి. వదిలేముందు "మీరు చేయాల్సిందంతా చేశారు" అని ఒక్క మాట. ఫలితం ఏమైనా ఆ మాట నిజమే.

ఆ తర్వాత వెంటనే ఇంకో కాల్ ఎత్తాల్సిన అవసరం లేకుండా సూపర్‌వైజర్ చూడాలి. మన చెవిలో ఇంకా ఆ ఏడుపు మోగుతూ ఉంటుంది. బయటికి లేచి వెళ్లి, నీళ్లు తాగి, పక్కవాళ్లతో రెండు మాటలు మాట్లాడి రండి. రోగి ఏమయ్యారో తెలుసుకునే వీలు డిస్పాచర్లకు కల్పించాలని నేను గట్టిగా అనుకుంటాను. బతికారని తెలిస్తే ధైర్యం వస్తుంది, పోయారని తెలిసినా ఆ కాల్ మనసులో ఒక చోట ముగుస్తుంది.

మర్నాడో, ఆ వారంలోనో ఆ రికార్డింగ్ తీసి వినండి, ఎవరినీ నిందించడానికి కాకుండా సమయాలు రాసుకోవడానికి. గుండె ఆగిందని ఎన్నో సెకనులో గుర్తించారు, మొదటి నొక్కు ఎన్నో సెకనులో పడింది, మధ్యలో ఎన్నిసార్లు, ఎంతసేపు ఆగింది. ఎక్కువ సెకన్లు పోయిన చోట ఏ ప్రశ్న అడిగారో చూసి, ఆ ప్రశ్న కింద గీత గీయండి.